ఆట తెలియని ఆటగాండ్రు

పులిజూదమునకు 3 పులులు, 15 మేకలు, నేలపై గీయుటకు ఒక బొగ్గుముక్క ఉన్న చాలును. నియమములు తెలుపు పుస్తకము అక్కరలేదు. ప్రక్కన కూర్చుండి చూచు పిల్లవాడు రెండు ఆటలు ముగియులోపల పులి ఎప్పుడు దూకునో, దాని దారి ఎట్లు మూయవలెనో తెలిసికొనును. వైకుంఠపాళి ఇంకొక మెట్టు పైన నిలుచును. పాత పటములలో పాము తలయున్న గడిలో ఒక దుర్గుణము పేరు, నిచ్చెన అడుగున ఒక సుగుణము పేరు వ్రాసియుండును. పడినవాడు ఎందుకు పడెనో, ఎక్కినవాడు ఎందుకు ఎక్కెనో వేరొకరిని అడుగవలసిన పని లేదు. నియమమును వినిపించుట వేరు. ఆ నియమమువలన కాయకు ఏమగునో చూపించుట వేరు. ఆటలు కట్టిన పూర్వులకు ఈ భేదము తెలియును. ఎన్నికల నియమములు బోధించువారికి ఇది ఇంకను పట్టుబడినట్లు లేదు.

ఎన్నికను ఆటతో పోల్చుట కొందరికి రుచింపకపోవచ్చును. కాని ఎత్తులు, పై ఎత్తులు, గెలుపోటములు, అన్నిటికి మించి అందరును ఒప్పుకొన్న నియమములు రెంటికిని సమానమే. నియమము తెలియక ఆడినవాని కాయ ఎట్లు వ్యర్థమగునో చూడదలచినవారు 2025లో జరిగిన మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ పట్టభద్రుల నియోజకవర్గపు ఎన్నికను చూడవలెను. శాసనమండలిలోని ఆ ఒక్క స్థానమునకు 56 మంది పోటీ చేసినారు. ఫిబ్రవరి 27న పోలింగు జరిగినది. మార్చి 3న కరీంనగరులోని అంబేద్కర్ స్టేడియములో లెక్కింపు మొదలైనది; 5వ తేదీ రాత్రికిగాని ఫలితము తేలలేదు. పోలైన కాగితములు సుమారు 2 లక్షల 52 వేలు. చెల్లనివని ప్రక్కన పెట్టినవి 28 వేలకు పైగా, అనగా నూటికి 11. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చిన్నమైల్ అంజిరెడ్డి కాంగ్రెసు అభ్యర్థి నరేందర్ రెడ్డిపై గెలిచినది 5 వేల చిల్లర ఓట్లతో. చెల్లని కాగితములు ఆ తేడాకు 5 రెట్లు మించియున్నవి. అవి చెల్లియుండినచో ఎవరు గెలిచియుందురో ఎవరును చెప్పజాలరు. ఆ ఊహాగానము ఇక్కడ అనవసరము. ఆలోచింపవలసిన విషయము వేరొకటి ఉన్నది. ఆ ఓటు వేసినవారందరును డిగ్రీ పుచ్చుకొన్నవారు. పట్టా పొంది 3 సంవత్సరములు గడచినగాని ఆ జాబితాలో పేరు ఎక్కదు.

దీనికి ఎదురుగా 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికను నిలిపి చూడవలెను. నాటి ఓటర్లలో అత్యధికులు అక్షరము ఎరుగనివారు. సుకుమార్ సేన్ ప్రధానాధికారిగా ఉన్న ఎన్నికల సంఘము వారికొరకు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టెను ఏర్పరచినది. పెట్టెపై అభ్యర్థి గుర్తు అంటించియుండును. కాగితముపై వ్రాయవలసినది ఏమియు లేదు. నచ్చినవాని పెట్టెలో వేసి వచ్చిన చాలును. కాగితము ఎక్కడికి పోవుచున్నదో ఓటరు చేతికే తెలియును. 1957లోను ఇదే పద్ధతి నడచినది. కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల రైతులు, కూలీలు ఓటు అను మాటకు అర్థము నేర్చుకొన్నది ఈ పెట్టెల యెదుటనే. తరువాత పెట్టెలు పోయి కాగితముపై ముద్ర వచ్చినది. ముద్ర పోయి యంత్రపు మీట వచ్చినది. 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు, పసుపు, ఎఱ్ఱజొన్న ధరల విషయమై రైతులు నిరసనగా నామపత్రములు వేయగా, 185 మంది బరిలో నిలిచినారు. పాత కరీంనగరు జిల్లాలోని జగిత్యాల, కోరుట్ల ఆ నియోజకవర్గములోనివే. ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా కలుపవలసివచ్చినది. అయినను ఓటరు చేయవలసినది గుర్తు వెదకి ఒక మీట నొక్కుటయే. రెండవది నొక్కుటకు యంత్రమే ఒప్పుకొనదు. ఆట నియమము ఆటగాని తలలో లేకపోయినను పనిముట్టులో ఉన్నది.

పట్టభద్రుల ఎన్నికలో ఇట్టి పెట్టెయు లేదు, మీటయు లేదు. ఒక పెద్ద కాగితము, ఒక ఊదారంగు స్కెచ్ పెన్ను ఇత్తురు. తక్కినదంతయు ఓటరు తలలో ఉండవలెను. చదువురానివారికి ఆట ఎంత సులభముగా కట్టవలెనో ఆలోచించిన దేశము, చదివినవారు కదా, తామే తెలిసికొందురులే అని ఊరకున్నది.

ఈ స్థానములకు పద్ధతి ఏర్పడినది రాజ్యాంగములోని 171వ అధికరణమువలన. శాసనమండలి సభ్యులలో పండ్రెండవ వంతు మందిని పట్టభద్రులు, పండ్రెండవ వంతు మందిని ఉపాధ్యాయులు ఎన్నుకొందురు. ఉపాధ్యాయులనగా మాధ్యమిక స్థాయికి తక్కువకాని విద్యాలయములలో పనిచేయువారే. ప్రహరీగోడకు అటుప్రక్కన ప్రాథమిక పాఠశాలలో చెప్పువారికి ఈ ఓటు లేదు. (గోడ ఎత్తు చూచి జ్ఞానము కొలుచు ఈ నియమమును గూర్చి వేరుగా వ్రాయవలసినంత ఉన్నది.) ఓటు ఒకటే, కాని దానిని ఒకరినుండి ఇంకొకరికి మార్చవచ్చును. అందుచేతనే 1, 2, 3 అను అంకెలు.

పోలింగు కేంద్రముల వద్ద అంటించు సూచనలు దాదాపు అన్నియు నిషేధములే. టిక్కు పెట్టరాదు. ‘ఒకటి’ అని అక్షరములలో వ్రాయరాదు. 1 అంకె ఇద్దరికి వేయరాదు. సంతకము చేయరాదు. ఇచ్చిన పెన్ను తప్ప వేరు పెన్ను వాడరాదు. అన్నియు నిజమే. అయితే ఎందుకు వలదో చెప్పని నిషేధము జ్ఞాపకముండదు. టిక్కు పెట్టుట చిన్ననాటినుండి చేతికి అలవాటైన పని. సరియైన జవాబునకు టిక్కు పెట్టవలెనని బడిలో నేర్పినది ఉపాధ్యాయులే కదా!

ఇదే విషయమును ఒక ఉత్తరముతో పోల్చి చెప్పినచో నిషేధములన్నియు తమంతట తామే అర్థమగును. ఓటు కాగితము ఒక ఉత్తరము. 1 అంకె దాని మొదటి చిరునామా. ఆ ఇంటివారు ఊరు విడచి పోయినచో, అనగా ఆ అభ్యర్థి లెక్కనుండి తొలగింపబడినచో, ఉత్తరము ఎవరికి అందవలెనో తెలుపునది 2. అతడును లేనిచో 3. ఇక టిక్కు పెట్టిన కాగితము చిరునామా లేని ఉత్తరము. రెండుచోట్ల 1 వేసిన కాగితము పట్టుకొని తపాలా బంట్రోతు ఏ ఇంటి తలుపు తట్టవలెను? ఒకే పేరు ఎదుట 1, 2 రెండును వేసినను అదే చిక్కు. సంతకము ఏల కూడదనగా, ఉత్తరము వ్రాసినది ఎవరో తెలిసినచో ఓటునకు డబ్బిచ్చినవాడు లెక్కింపు బల్లవద్ద తన సరుకు సరిచూచుకొనగలడు. పెన్ను విషయమును అంతే. వేరు రంగు సిరా కూడ ఒక గుర్తే. అంకె ఏ లిపిలో ఉండవలెనన్న పట్టుదల మాత్రము లేదు. 1 అని వేయవచ్చును, రోమను అంకె వేయవచ్చును, తెలుగు ౧ కూడ చెల్లును. తెలుగు పండితులకు ఈ సంగతి సంతోషము కలిగింపవచ్చును; అయితే తెలుగు అంకెలు తరగతిలో ఎందరికి నేర్పినారో వారే చెప్పవలెను.

చెల్లని ఓట్ల సంగతి పత్రికలలో కొంత వచ్చినది. దానికంటె పెద్దదియై, కంటికి కనబడనిది ఇంకొకటి ఉన్నది. ఆ ఎన్నికలో చెల్లిన కాగితములు సుమారు 2 లక్షల 23 వేలు. గెలుపునకు కావలసిన కోటా చెల్లిన ఓట్లలో సగముకంటె ఒకటి ఎక్కువ. అనగా 1 లక్షా 11 వేలకు పైన. మొదటి లెక్కలో ఎవరికిని అది రాలేదు. అడుగుననున్నవారిని ఒక్కొక్కరిగా తొలగించుచు వారి కాగితములను తరువాతి ప్రాధాన్యము ప్రకారము పంచుచు పోగా, ముగ్గురు మిగిలినారు. మూడవవాడగు బహుజన్ సమాజ్ పార్టీ అభ్యర్థి ప్రసన్న హరికృష్ణ కాగితములును పంచగా, చివరకు గెలిచినవారికి 98 వేల చిల్లర, ఓడినవారికి 93 వేల చిల్లర వచ్చినవి. ఈ రెండును కలిపిన 1 లక్షా 92 వేలు. 2 లక్షల 23 వేలలో తక్కిన 31 వేలు ఏమైనవి? వానిపై 1 ఉన్నది. లేదా 1, 2 ఉన్నవి. చివరి ఇద్దరిలో ఎవరి పేరు ఎదుటను చెల్లుబడియగు అంకె లేదు. ఉత్తరము కొంతదూరము పోయి దారిలో ఆగిపోయినది. చెల్లినను తుదిపోరులో లేని కాగితములివి.

ఇట్లు ఆపివేయు హక్కు ఓటరునకు ఉన్నది. మొదటి ప్రాధాన్యము వేయుట ఒక్కటే విధి, తక్కినవి అతని ఇష్టము. చివరి ఇద్దరును నచ్చనివాడు తెలిసియే ఆపినచో అనవలసినది లేదు. కాని ఎందరు తెలిసి ఆపినారు? ప్రచారములో తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు: “మాకు 1 వేసి ఊరకుండుడు, 2 వేసిన మా ఓటు చీలును.” ఇది అబద్ధము. ఒకే స్థానమునకు జరుగు ఎన్నికలో 1 పొందిన అభ్యర్థి బరిలో ఉన్నంతవరకు 2 ఎవరికి వేసినదియు లెక్కకు రాదు. అతడు తొలగిన తరువాతనే 2 కన్ను తెరచును. తొలగినవానికి 2 వలన కలుగు నష్టమేమి? అభ్యర్థులు ఈ మాట చెప్పుటకు కారణము అజ్ఞానమో, ఉపాయమో నిర్ణయించుట కష్టము. ఓటరు నమ్ముటకు కారణము మాత్రము అజ్ఞానమే.

రెండవ ప్రాధాన్యము ఎంత పని చేయునో తెలుగువారు మరువరాదు. 1969లో రాష్ట్రపతి పదవికి జరిగిన ఎన్నిక ఈ పద్ధతిలోనిదే. ఒకప్రక్క బరంపురమున పుట్టిన వి. వి. గిరి, వేరొకప్రక్క ఆంధ్రప్రదేశ్ ప్రథమ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి, మూడవవారు సి. డి. దేశ్‌ముఖ్. ఓట్ల విలువ ప్రకారము కోటా 4,18,169. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖునకు 1,12,769. తేడా 88 వేలుండగా గిరి గెలుపు తేలికయే యని తోచును. తరువాతి ప్రాధాన్యములు పంచిన పిమ్మట గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 15 వేలలోపునకు దిగినది. గిరికి అన్ని వేల ప్రథమ ప్రాధాన్యములు ఉండియు కోటా దాటించినది ద్వితీయములే. పౌరశాస్త్రపు పరీక్షలో రాష్ట్రపతిని ఎవరు ఎన్నుకొందురని అడుగుదురు. ఈ అంకెలు ఎట్లు కదలినవని అడుగరు.

బడిలో చేయవలసిన పని ఇక్కడనే ఉన్నది. ఎన్నికల సంఘము 2018లో ఉన్నత పాఠశాలలకు, జూనియరు కళాశాలలకు ఎలక్టోరల్ లిటరసీ క్లబ్బులను ఉద్దేశించినది. ఆటలతో, పనులతో నేర్పవలెననుటయే వాని ఉద్దేశము. ఆచరణలో జనవరి 25న ఓటరు దినోత్సవమునాడు ప్రతిజ్ఞ, ఊరేగింపు, ముగ్గుల పోటీ, వ్యాసరచన జరుగును. ఆట జరుగుట అరుదు. ఓటు పవిత్రమని నూరుమార్లు చెప్పించుట సులభము. ఆ పవిత్రమైన వస్తువు ఏ డబ్బీనుండి ఏ డబ్బీలోనికి పోవునో ఒక్కమారు చూపుట శ్రమతో కూడినది. శ్రమయనగా ఎంత? ఒక పీరియడు.

ఆ పీరియడులో జరుగవలసినది ఇట్లు ఊహింపవచ్చును. బడి ఆవరణలో ఒక మొక్క నాటవలెను. వేప, మామిడి, నేరేడు, ఇప్ప పోటీలో ఉన్నవి. (తరగతి నాయకుల పేర్లు పెట్టరాదు, పెట్టినచో లెక్కకంటె అలుక ఎక్కువగును.) 43 మంది చీటీలు వేసినారు. అందు 3 చెల్లలేదు: ఒకడు టిక్కు పెట్టినాడు, ఒకతె రెండు చెట్లకు 1 వేసినది, ఇంకొకడు తన పేరు వ్రాసినాడు. చెల్లినవి 40, కోటా 21. నాలుగు అట్టపెట్టెలలో చీటీలు వేయగా వేపకు 15, మామిడికి 13, నేరేడుకు 8, ఇప్పకు 4. ఇప్ప తొలగినది. దాని 4 చీటీలను అందరియెదుట తీసి చూడగా 2 నేరేడుకు, 1 మామిడికి పోయినవి. ఒకదానిపై 2 అంకె లేదు. అది నాలుగు పెట్టెలలో దేనికిని పోక బల్లమీద పడియుండును. పిల్లల చూపు ఆ చీటీమీదనే నిలుచును. ఇప్పుడు వేప 15, మామిడి 14, నేరేడు 10. నేరేడు తొలగినది. దాని 10 చీటీలలో 6 మామిడికి, 2 వేపకు, 2 బల్లమీదికి. మామిడి 20, వేప 17. కోటా 21 ఎవరికిని రాలేదు. అయినను మిగిలిన ఇద్దరిలో ముందున్నది కనుక మామిడియే గెలిచినది. మొదట ముందున్న వేప ఓడినది. తేడా 3. బల్లమీద ఆగిన చీటీలు 3. చెల్లక మూలనున్నవి 3. కరీంనగరు స్టేడియములో 3 దినములు జరిగినదంతయు 40 నిమిషములలో బల్లమీద జరిగినది.

ఈ ఆటలో ఉపాధ్యాయుడు మానుకొనవలసిన పని ఒకటి ఉన్నది. చీటీ వేయుచున్న పిల్లవానికి, “అట్లు కాదురా, అంకె వేయి” అని దిద్దకూడదు. తప్పు కనబడినంతనే ఎఱ్ఱసిరా పట్టు చేతికి ఇది కష్టమే. కాని పాము నోట పడనీయని వైకుంఠపాళి ఆట కాదు. తన చీటీ మూలకు పోవుట, ఆ మూలయున్న చీటీల లెక్కయు ఓటమి తేడాయు సమానమగుట పిల్లవాడు కంటితో చూచినచో ఇక వానికి సూచనల కాగితము అక్కరలేదు. తప్పుచేసినవాడు ఎవరో చాటింపవలసిన పనియు లేదు; పేరు వ్రాసినవాడు ఎటులైనను బయటపడును, దానికి నవ్వులు తప్పవు, ఆ నవ్వులో రహస్య ఓటు పాఠము సగము పూర్తియగును.

ఉపాధ్యాయులకు ఈ పాఠము చెప్పు అర్హత ఉన్నదా అను ప్రశ్న రావచ్చును. 2025లో అదే దినమున అవే జిల్లాలలో ఉపాధ్యాయుల నియోజకవర్గపు ఎన్నికయు జరిగినది. పోటీలో 15 మంది; పోలైన కాగితములు సుమారు 25 వేలు; చెల్లనివి 900 లోపు, అనగా నూటికి 4 కంటె తక్కువ. మల్క కొమరయ్య మొదటి లెక్కలోనే కోటా దాటినందున రెండవ ప్రాధాన్యముల అవసరమే రాలేదు. పట్టభద్రుల నూటికి 11తో పోల్చిన ఇది మేలు. పేర్లు తక్కువగుటయు, సంఘములలో చర్చ జరుగుటయు దీనికి కారణములు కావచ్చును. అయినను ప్రతి సంవత్సరము వేల జవాబుపత్రములు దిద్దువారు తాము వ్రాయవలసిన ఒక్క పత్రమును 900 మంది దాక తప్పుగా వ్రాసినారన్నమాట చిన్నది కాదు.

కావలెనని కాగితము పాడుచేసినవారును ఉందురని కొందరు అందురు. ఉందురు. వారు ఎందరో కాగితము చెప్పదు, అదియే కష్టము. అలిగి వేసిన టిక్కును, తెలియక వేసిన టిక్కును లెక్కించువారు ఒకే కట్టలో కట్టుదురు. తెలియనివారి సంఖ్య తగ్గిననాడు అలిగినవారి కోపమునకును విలువ వచ్చును. ఇంకొందరు పద్ధతియే చిక్కుగలది, మార్చివేయవలెనందురు. ఐర్లండు ప్రజలు తమ ప్రజాప్రతినిధి సభకు ఇదే జాతి పద్ధతిని వాడుచున్నారు. అక్కడ కర్షకుడు, కార్మికుడు, పట్టభద్రుడు అందరును 1, 2, 3 వేయుదురు. దానిని తీసివేయుదమా అని 1959లో ఒకమారు, 1968లో ఒకమారు అడిగిన రెండుమార్లును వలదన్నారు. చిక్కు పద్ధతిలో లేదు, నేర్పులో ఉన్నది.

శాసనమండలి సభ్యుని పదవి 6 సంవత్సరములు. కాలక్రమము తప్పనిచో ఈ స్థానములకు మరల ఎన్నిక 2031లో రావలెను. 2025లో పదవ తరగతి ముగించిన విద్యార్థి 2027లో ఇంటరు, 2030లో డిగ్రీ పూర్తిచేసి, పైన 3 సంవత్సరములు ఆగవలసినందున 2031 ఎన్నికకు అందడు. అతని ఊదారంగు పెన్ను 2037లోగాని చేతికి రాదు. అతనికి పాఠము చెప్పిన ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు మాత్రము 2031లోనే దానిని పట్టవలెను. జాబితాలో పాత పేరు ఉన్నదిలే యని ఊరకుండుటకును వీలులేదు. ఈ నియోజకవర్గముల ఓటర్ల జాబితాను ప్రతి ఎన్నికకును క్రొత్తగా తయారుచేయుదురు. పట్టభద్రులు 18వ నమూనా, ఉపాధ్యాయులు 19వ నమూనా పత్రము మరల నింపి ఇచ్చుకొనవలెను.